క్యాలెండరు మీది అమ్మాయి



అమెరికాలో ఒహాయో రాష్ట్రం, డేటన్ నగరం పక్కన ఆ దేశపు వైమానిక దళానికి పెద్ద మ్యూజియం ఒకటుంది. అందులో ‘మెంఫిస్ బెల్’ అనే బాంబరు విమానం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నవంబరు నుంచి 1943 మే దాకా ఇంగ్లండు నుంచి ఎగిరి, జర్మన్ల ఏలుబడిలో ఉన్న యూరప్ మీద 25 దాడులు పూర్తిచేసి, సిబ్బందితో క్షేమంగా స్వదేశం చేరిన తొలి బాంబర్లలో అదొకటి. నాలుగు ఇంజన్లు, అన్ని దిక్కులా మరతుపాకులు. ఆ విమానం ముక్కుకు రెండు వైపులా ఈతదుస్తుల్లో ఉన్న ఒక అమ్మాయి బొమ్మ. ఎడమవైపు ఆమె దుస్తులు నీలం, కుడివైపు ఎరుపు. చేతిలో టెలిఫోను.

ఆ విమానానికి కెప్టెను రాబర్ట్ మోర్గన్. మెంఫిస్ నగరంలో ఉన్న తన ప్రియురాలిని తలుచుకుని విమానానికి ఆ పేరు పెట్టుకున్నాడు. బొమ్మ మాత్రం ఆ అమ్మాయిది కాదు. ‘ఎస్క్వైర్’ అనే మగవాళ్ళ పత్రిక 1941 ఏప్రిల్ సంచికలో జార్జ్ పెట్టీ వేసిన బొమ్మ అది. మోర్గన్ అడిగితే పెట్టీ సరేనని ఇచ్చాడు. దళంలో రంగులు వేయడం తెలిసిన టోనీ స్టార్సర్ అనే సైనికుడు దాన్ని విమానం రేకు మీదికి ఎక్కించాడు. తెల్లారి బయల్దేరితే సాయంత్రానికి తిరిగొస్తామో లేదో తెలియని కుర్రాళ్ళు వాళ్ళు. అలాంటివాళ్ళు తమ ముందు నిలబెట్టుకోవడానికి ఫోనులో ఎవరితోనో కబుర్లాడుతున్న అమ్మాయిని ఎంచుకున్నారు. ఏముంది ఈ బొమ్మల్లో? ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం.

బొమ్మల గురించి రేడియోలో మాట్లాడటం సాహసమే. నేను చూపించలేను, మీరు చూడలేరు. కానీ ఈ రకం బొమ్మలతో ఒక సౌకర్యముంది. వీటిలో మంచివన్నీ ఒక్కొక్క చిన్న సంఘటన. సంఘటనను నోటితో చెప్పవచ్చు.

వీటిని పిన్-అప్‌లు అంటారు. గోడకు గుండుసూదితో గుచ్చి పెట్టుకునే అమ్మాయి బొమ్మలన్నమాట. పత్రికల నడిమి పేజీల్లో, క్యాలెండర్ల మీద, పేకముక్కల వెనక, సిరా అద్దే కాగితాల మీద, అగ్గిపెట్టెల మీద, ఎక్కడ చోటుంటే అక్కడ అచ్చయ్యాయి. వీటి మంచి రోజులు 1920ల నుంచి 1960ల చివరిదాకా అనుకోవచ్చు. అంతకుముందే, 1890ల్లో, చార్లెస్ డానా గిబ్సన్ అనే ఆయన కలం, సిరాతో ఒక కొత్త అమ్మాయిని సృష్టించాడు. పొడుగ్గా, జుట్టు పైకి ముడిచి, మగవాళ్ళను కాస్త నిర్లక్ష్యంగా చూస్తూ ఉండేది. జనం ఆమెను ‘గిబ్సన్ గర్ల్’ అన్నారు. తర్వాత ‘పెట్టీ గర్ల్’ వచ్చింది, ‘వర్గా గర్ల్’ వచ్చింది. అమ్మాయిల పేర్లు ఎవరికీ తెలియవు, వేసినవాడి పేరే అమ్మాయి పేరు. చక్కని పిల్ల కనిపిస్తే బాపు బొమ్మలా ఉందని మనం అనమూ? అదే వరస.

ఈ కథలో నాకు బాగా నచ్చే పాత్ర చిత్రకారుడు కాడు, ఒక కంపెనీ. మిన్నెసోటా రాష్ట్రంలో సెయింట్ పాల్ అనే ఊరుంది. ఏడాదిలో సగం రోజులు మంచు. ఆ ఊళ్ళో 1896లో హెర్బర్ట్ బిగెలో, హైరమ్ బ్రౌన్ అనే ఇద్దరు కలిసి ‘బ్రౌన్ అండ్ బిగెలో’ అనే కంపెనీ పెట్టారు. వాళ్ళ సరుకు క్యాలెండర్లు. కొనేవాళ్ళు మామూలు జనం కారు, వ్యాపారులు. టైర్ల కొట్టువాడు, బొగ్గు డిపోవాడు, మంగలి షాపువాడు, ఇనుప సామాన్లవాడు వందల లెక్కన కొని, బొమ్మ కింద తన పేరు, చిరునామా అచ్చువేయించుకుని, కొత్త సంవత్సరానికి ఖాతాదారులకు ఊరికే పంచేవాడు. ఈ వ్యాపారం మనకెవరికీ కొత్త కాదు. మన బట్టల కొట్లూ బంగారం కొట్లూ లక్ష్మీదేవి బొమ్మ కింద ఫోను నంబరు వేసి శివకాశి నుంచి తెప్పించి పంచేది ఇదే పద్ధతిలో. మనవాళ్ళు గోడ మీద దేవుణ్ణి పెడితే ఏడాదంతా ఎవరూ తీయరని కనిపెట్టారు. సెయింట్ పాల్‌లో వాళ్ళు మరోటి కనిపెట్టారు.

నిజానికి బ్రౌన్ అండ్ బిగెలో అమ్మాయిల బొమ్మలతోనే బతకలేదు. కుక్కలు బల్ల చుట్టూ కూర్చుని పేకాడుతున్న బొమ్మలు మీలో కొందరైనా చూసి ఉంటారు. 1903లో క్యాసియస్ కూలిడ్జ్ చేత వాటిని వేయించింది వీళ్ళే. నార్మన్ రాక్‌వెల్ అనే చిత్రకారుడు వేసిన బాయ్ స్కౌట్ల క్యాలెండర్లను దశాబ్దాల పాటు అచ్చువేసిందీ వీళ్ళే. అంటే ఒకే అచ్చు యంత్రం మీద పొద్దున బాలభటుల దేశభక్తి, మధ్యాహ్నం గాలికి ఎగిరే గౌను. బడికి కావలసింది బడికి, గ్యారేజీకి కావలసింది గ్యారేజీకి.

ఈ కంపెనీ అధిపతుల కథ సినిమాకు సరిపోతుంది. బిగెలో ఆదాయపు పన్ను ఎగ్గొట్టిన నేరానికి 1920ల్లో కాన్సస్ రాష్ట్రంలోని లెవెన్‌వర్త్ జైలుకు వెళ్ళాడు. అక్కడ మత్తుపదార్థాల కేసులో శిక్ష అనుభవిస్తున్న చార్లెస్ వార్డ్‌తో స్నేహమైంది. బయటికొచ్చాక వార్డ్‌కు తన కంపెనీలో ఉద్యోగమిచ్చాడు. 1933లో బిగెలో పడవ ప్రమాదంలో చనిపోతే, వార్డ్ అధ్యక్షుడయ్యాడు. జైలు నుంచి విడుదలైన వాళ్ళకు ఎందరికో అక్కడ పని దొరికింది. ఆ వార్డ్ నడిపిన కాలమే పిన్-అప్ క్యాలెండర్లకు పట్టపగలు.

సరే, చిత్రకారుల దగ్గరికి వద్దాం. ‘ఎస్క్వైర్’ పత్రిక 1933లో షికాగోలో మొదలైంది. మొదటి సంచిక నుంచే అందులో పెట్టీ ఉన్నాడు. ఆయన పనిముట్టు ఎయిర్‌బ్రష్, గాలి ఒత్తిడితో రంగును పొగలా చిమ్మే గొట్టం. ఫోటో స్టూడియోల్లో ముఖం మీది మచ్చలు చెరిపేయడానికి వాడేవాళ్ళు దాన్ని. పెట్టీ దానితో ఒక చమత్కారం చేశాడు. అమ్మాయి ఒంటిని మాత్రం గుండ్రంగా, నునుపుగా, ముట్టుకుంటే చేతికి తగిలేటట్టు వేసేవాడు. ఆమె చేతిలో ఉన్న టెలిఫోనును ఉత్త గీతలతో వదిలేసేవాడు. పక్కన ఇంకేమీ ఉండేది కాదు, తెల్ల కాగితమే. కన్ను పోదామన్నా పోవడానికి వేరే చోటు లేదు. ఆ టెలిఫోను ఎందుకంటే, అవతలి మనిషి ఎవరన్నది చూసేవాడి ఊహకు వదలడానికి. ఫోను తీగ రెండో కొస తన దగ్గరే ఉందని ప్రతి పాఠకుడూ అనుకోవచ్చు. అన్నట్టు, ఇంత మోహనంగా కనిపించే ఆ అమ్మాయిలకు ఎక్కువసార్లు నమూనాగా కూర్చున్నది పెట్టీ సొంత కూతురు మార్జొరీ. ఆయనకు అది ఇంటిపని.

పెట్టీకీ పత్రికకూ డబ్బు దగ్గర చెడింది. 1940లో ఆ స్థానం నింపడానికి ఆల్బర్టో వర్గాస్‌ను తెచ్చుకున్నారు, పెట్టీ బొమ్మలు మాత్రం 1941లోనూ వచ్చాయి. వర్గాస్‌ది పెరూ దేశంలో అరెకిపా అనే ఊరు. తండ్రి మాక్స్ వర్గాస్ పేరున్న ఫోటోగ్రాఫరు. ఎయిర్‌బ్రష్ పట్టుకోవడం కొడుకు అక్కడే నేర్చుకున్నాడు. యూరప్‌లో చదువుకుని, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1916లో న్యూయార్కు చేరాడు. జీగ్‌ఫెల్డ్ నాటకశాలకు నటీమణుల చిత్రాలు వేశాడు. తర్వాత ఏళ్ళ తరబడి పని కోసం తిరిగాడు. ‘ఎస్క్వైర్’ పిలిచేసరికి వయసు నలభై దాటింది. పత్రికవాళ్ళు ఆయన ఇంటిపేరు చివరి అక్షరం కోసేసి ‘వర్గా’ అన్నారు. ఆయన ఒప్పుకున్నాడు. 1944లో మరో ఒప్పందం మీద సంతకం పెట్టాడు. అందులో వారానికో బొమ్మ చొప్పున ఇవ్వాలని ఉంది. ఆ సంగతి సంతకం పెట్టాక గాని అర్థం కాలేదు. కోర్టుకు వెళ్ళాడు. చివరికి గెలిచింది పత్రికే. ‘వర్గా’ అన్న పేరు కూడా పత్రిక సొత్తయింది. దేశమంతా పేరు తెలిసిన చిత్రకారుడు ఆ పేరు పెట్టుకుని బొమ్మ వేయలేకపోయాడు. 1960 నుంచి ‘ప్లేబాయ్’ పత్రికలో, చివరి అక్షరం తిరిగి తగిలించుకుని, పూర్తి ఇంటిపేరుతో మళ్ళీ మొదలుపెట్టాడు.

ఈ వర్గాస్ బొమ్మలు వేస్తున్న పత్రిక మీద ప్రభుత్వం ఒకసారి కత్తి కట్టింది. 1943లో అమెరికా తపాలా శాఖ అధిపతి ఫ్రాంక్ వాకర్, ‘ఎస్క్వైర్’కు చౌకగా పత్రికలు పంపుకునే తపాలా సదుపాయాన్ని రద్దు చేశాడు. ప్రజలకు మేలు చేసే పత్రికకే ఆ రాయితీ అని ఆయన వాదన. ఒకపక్క అదే ప్రభుత్వపు సైన్యం ఆ బొమ్మలను బారకాసుల గోడల నిండా అతికించుకుంటోంది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1946లో జస్టిస్ విలియం డగ్లస్ రాసిన తీర్పుకు, విచారించిన న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. ఏది మంచి సాహిత్యమో, ఏది మంచి కళో తేల్చే పని తపాలా అధికారిది కాదని చెప్పారు. పత్రికా స్వేచ్ఛ గురించి చదువుకునే న్యాయవాదులు ఈ రోజుకీ ఆ తీర్పును చదువుతారు.

ఇన్ని చెప్పాక నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. వర్గాస్ పనితనానికి దండం పెడతాను గాని, ఆయన అమ్మాయిలు నన్ను ఎక్కువసేపు నిలపలేరు. ఒళ్ళంతా ఒకే నునుపు. ఎముక ఎక్కడుందో తెలియదు, పాదం నేలకు ఆనదు, అసలు నేలే ఉండదు. పది బొమ్మలు చూసేసరికి పదకొండోది ఎలా ఉంటుందో చెప్పేయవచ్చు. ఈ బొమ్మల ఆకర్షణ అంతా ఒంటి అందంలోనే ఉంటే వర్గాస్‌ను మించినవాడు ఉండకూడదు. నా దృష్టిలో ఉన్నాడు. ఆయన గిల్ ఎల్వ్‌గ్రెన్.

ఎల్వ్‌గ్రెన్ ఆ సెయింట్ పాల్ ఊరివాడే. 1914లో పుట్టాడు. తల్లిదండ్రులకు రంగుల డబ్బాలు, గోడ కాగితాలు అమ్మే కొట్టు ఉండేది. ముందు ఆర్కిటెక్చరు చదవబోయి, మనసు మార్చుకుని బొమ్మలవైపు వచ్చాడు. షికాగోలో అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆర్ట్‌లో నేర్చుకున్నాడు. తర్వాత హాడన్ సండ్‌బ్లోమ్ దగ్గర చేరాడు. కోకాకోలా ప్రకటనల్లో ఎర్ర బట్టల, తెల్ల గడ్డపు, బుగ్గలు కందిన శాంటాక్లాజ్ తాత ఉంటాడే, 1931 నుంచి ఆ తాతను వేసింది సండ్‌బ్లోమే. ఆయన దగ్గర ఒక విద్య ఉంది. తైలవర్ణాన్ని చిక్కగా, తడి ఆరకముందే తడి మీద తడిగా వేయడం. నీడ పడిన అంచుల్లో కూడా వెచ్చటి వెలుతురు దాచి ఉంచడం. ఆ విద్య మొత్తం ఎల్వ్‌గ్రెన్ చేతికి వచ్చింది. అందుకే ఆయన అమ్మాయిలు ఎండలో నిలబడ్డట్టు ఉంటారు. వర్గాస్ అమ్మాయి మీద పడే వెలుతురు ఎక్కడినుంచో చెప్పలేం. ఎల్వ్‌గ్రెన్ బొమ్మలో అది ఏ కిటికీలోంచి వస్తోందో వేలుపెట్టి చూపించవచ్చు.

1937 నుంచి లూయిస్ డౌ అనే క్యాలెండర్ల కంపెనీకి, 1940ల మధ్య నుంచి బ్రౌన్ అండ్ బిగెలోకి పనిచేశాడు. రెండో కంపెనీతో ఆ బంధం 1972 దాకా సాగింది. కంపెనీ ఆయన్ను అడిగింది ఏడాదికి దాదాపు రెండు డజన్ల బొమ్మలు, ఇస్తామన్నది ఒక్కోదానికి వెయ్యి డాలర్లు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. కాన్వాసు ఎక్కువగా ఒకే కొలత. 30 అంగుళాల ఎత్తు, 24 అంగుళాల వెడల్పు.

ఇప్పుడు ఆయన బొమ్మల తీరు చెబుతాను, ఊహించుకోండి. ఒకమ్మాయి కుక్కను షికారు తిప్పుతోంది. కుక్కకు ఏదో కనిపించింది, చుట్టూ పరుగెత్తింది. తోలు తాడు అమ్మాయి కాళ్ళకు చుట్టుకుంది. రెండు చేతులూ గాల్లో. గౌను ఒక పక్క పైకి లేచింది. ఆమె నోరు చిన్న సున్నాలా తెరుచుకుంది. ఇంకోచోట కంచె దాటబోతే మేకుకు బట్ట తగులుకుంది. మరోచోట నిచ్చెన ఎక్కి సున్నం వేయబోతే పిల్లి అడ్డొచ్చింది. చేపకు గాలం వేస్తే గాలం తన గౌనుకే చిక్కుకుంది.

గమనించండి. ఆమె చూపించాలని చూపించలేదు. మీరు చూడాలని చూడలేదు. దోషం కుక్కది, గాలిది, మేకుది. క్యాలెండరు తగిలించిన టైర్ల కొట్టు యజమానికీ పూచీ లేదు. ఆదివారం చర్చికి వెళ్ళే దేశంలో, సోమవారం పనిచేసుకునే చోట వేలాడే బొమ్మకు ఇంతకంటే చక్కని రాజీ ఏముంటుంది? అందుకే ఎల్వ్‌గ్రెన్ బొమ్మల్లో నగ్నత్వం అరుదు. మేజోడు అంచు కనిపిస్తే అక్కడితో సరి. ఆ మేజోళ్ళకు కూడా ఒక కథ ఉంది. నైలాను మేజోళ్ళు అమెరికా దుకాణాల్లోకి వచ్చింది 1940లో. 1942లో నైలాను మొత్తాన్ని పారాచూట్ల కోసం, యుద్ధ అవసరాల కోసం మళ్ళించారు. ఆడవాళ్ళకు కొందామన్నా దొరకని వస్తువు క్యాలెండరులో మెరుస్తూ ఉండేది. ఆ మెరుపును ఒక్క తెల్ల గీతతో తేవడం ఎల్వ్‌గ్రెన్‌కు ఎడమచేతి పని.

ఆయన పద్ధతి ఏమిటో దాపరికం లేదు. ముందు సంఘటన అనుకునేవాడు. సామగ్రి తెప్పించి, స్టూడియోలో అమ్మాయిని నిలబెట్టి స్వయంగా ఫోటోలు తీసేవాడు. ఆ ఫోటోలు చాలావరకు మిగిలాయి, బొమ్మల పక్కన పెట్టి అచ్చువేసిన పుస్తకాలున్నాయి. నాకైతే పూర్తయిన బొమ్మకంటే ఆ జంట చూడటమే ఎక్కువ సరదా. ఫోటోలో అమ్మాయి ఒక మామూలు బల్ల మీద కూర్చుని ఉంటుంది. బొమ్మలోకి వచ్చేసరికి ఆ బల్ల మరేదో అవుతుంది. నడుము సన్నమవుతుంది, కాళ్ళు పొడుగవుతాయి, కళ్ళు పెద్దవవుతాయి. ఫోటోలో ఓపిగ్గా కదలకుండా ఉన్న ముఖానికి బొమ్మలో సంగతి జరిగిన ఆ అర సెకను వస్తుంది. పడకముందు కాదు, పడ్డాక కాదు. ఆ అర సెకనును ఏ కెమెరా పట్టలేదు, ఎందుకంటే అది ఎప్పుడూ జరగలేదు. హాస్యనటుడికి మాట ఎప్పుడు వదలాలో తెలిసినట్టు ఈయనకు క్షణం ఎక్కడ ఆపాలో తెలుసు. ఈ బొమ్మలు పాతబడకపోవడానికి కారణం నా లెక్కలో అదే. గౌన్లూ చెప్పులూ పాతబడ్డాయి, కార్లు పాతబడ్డాయి, ఆ అర సెకను పాతబడలేదు.

ఇవన్నీ మగవాళ్ళు మగవాళ్ళ కోసం వేసుకున్నవే అనుకుంటున్నారేమో, అదీ పూర్తిగా నిజం కాదు. జోయీ మొజర్ట్ అనే చిత్రకారిణి బ్రౌన్ అండ్ బిగెలో పెద్దపీట వేసిన కొద్దిమందిలో ఒకరు. చదువుకునే రోజుల్లో ఫీజుల కోసం ఇతర చిత్రకారులకు నమూనాగా నిలబడింది. తానే వేసేటప్పుడు వేరే అమ్మాయిని పిలవకుండా అద్దం ముందు నిలబడి తనను తానే చూసుకుని పాస్టెల్ సుద్దలతో వేసేది. నమూనాకు ఇచ్చే డబ్బు మిగిలేది, తన మాట వినే నమూనా దొరికేది. ఆమె అమ్మాయిల ముఖాల్లో ఒక తెలివి ఉంటుంది. వాళ్ళు ఎవరికో చిక్కినట్టు ఉండరు, ఏదో ఆలోచిస్తున్నట్టు ఉంటారు. పెర్ల్ ఫ్రష్, జాయిస్ బాలంటైన్ కూడా ఇదే రంగంలో మగవాళ్ళతో సమానంగా పేరు సంపాదించుకున్నవాళ్ళు.

ఇక హిల్డా. డ్వేన్ బ్రయర్స్ అనే ఆయన 1950ల్లో సృష్టించిన అమ్మాయి ఈమె. ఎర్ర జుట్టు, బొద్దుగా, నిజంగా లావుగా ఉంటుంది. గడ్డిమోపుల మీద దొర్లుతుంది, ఏట్లో దిగుతుంది, వంట మాడ్చేస్తుంది, ఉయ్యాల తాడు తెంపుతుంది. ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. క్యాలెండర్లు కొనే వ్యాపారులకు హిల్డా ఏళ్ళకేళ్ళు నచ్చిందంటే, ఆ బొమ్మల్లో జనం చూసింది సన్నటి నడుమును మాత్రమే కాదన్నమాట. బ్రయర్స్ 2012లో, నూరేళ్ళ వయసులో కన్నుమూశాడు. తన కాలంలో హిల్డా పెద్ద చిత్రకళా గ్రంథాల్లోకి ఎక్కలేదు. ఇప్పుడు ఆమెను వెతుక్కుని ఇష్టపడుతున్నవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది.

ఈ బొమ్మల మీద ఉన్న ఆక్షేపణలు కూడా చెప్పకపోతే తప్పు. ఆ గోడల మీది అమ్మాయిలు దాదాపు అందరూ తెల్లవాళ్ళే. ఆ దేశంలో నల్లజాతి స్త్రీలు లేరా అంటే, ఈ క్యాలెండర్లు చూస్తే లేరనే అనుకోవాలి. రెండోది, ఎల్వ్‌గ్రెన్ అమ్మాయికి ఎప్పుడూ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది, ఆమె చేసేది మాత్రం తక్కువ. నిచ్చెన ఎక్కినా గోడకు సున్నం పడదు. కారు బానెట్టు ఎత్తినా కారు బాగుపడదు. యుద్ధకాలంలో లక్షలాది అమెరికన్ ఆడవాళ్ళు ఫ్యాక్టరీల్లో విమానాలకు రివెట్లు కొడుతున్నారు. అదే సమయంలో గోడ మీది అమ్మాయికి కుక్కను అదుపు చేయడం చేతకావడం లేదు. ఇది హాస్యమే, కాదనను. ఆ హాస్యానికి ఎవరి ఖర్చు అయిందో చూడాలి కదా. ఆ సంగతి తెలిసి చూస్తే బొమ్మ అందం తగ్గదు, చూసేవాడికి కాస్త బుద్ధి పెరుగుతుంది, అంతే.

ఈ వ్యాపారాన్ని ముంచింది నీతి కాదు, కెమెరా. 1949లో టామ్ కెలీ అనే ఫోటోగ్రాఫరు డబ్బు అవసరంలో ఉన్న ఒక చిన్న నటిని ఎర్ర వెల్వెట్ గుడ్డ మీద కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. ఆమెకు ఇచ్చింది 50 డాలర్లు. ఆమె మార్లిన్ మన్రో. అంతకుముందు ఎర్ల్ మోరన్ అనే పిన్-అప్ చిత్రకారుడికీ ఆమె నమూనాగా నిలబడింది. కెలీ తీసిన ఫోటోల్లో ఒకటి ముందు క్యాలెండరు అయింది, 1953 డిసెంబరులో ‘ప్లేబాయ్’ మొదటి సంచికలోకి ఎక్కింది. ఆ తర్వాత ఒక అమ్మాయి కోసం రెండు వారాలు రంగు కలిపే చిత్రకారుడికి పని ఎందుకుంటుంది? ఫోటోకు సంఘటన అక్కర్లేదు, మిష అక్కర్లేదు, కుక్కా అక్కర్లేదు. ఏది చూపించదలిస్తే అది సూటిగా చూపిస్తుంది. నావరకు అక్కడే ఆసక్తి పోయింది. ఎల్వ్‌గ్రెన్ 1980లో ఫ్లోరిడాలో చనిపోయాడు, వర్గాస్ 1982లో.

కంపెనీలు అచ్చు పని అయిపోయాక అసలు చిత్రాలకు పెద్ద విలువ ఇవ్వలేదు. అవి ప్రకటన సామగ్రి, అంతే. చార్లెస్ మార్టినెట్ అనే సేకర్త, మరికొందరు వాటిని పోగుచేశారు. ఆయన, లూయిస్ మైజెల్ కలిసి 1996లో తెచ్చిన పెద్ద పుస్తకంతో మళ్ళీ వాటి పేరు వినిపించింది. 2011లో ఎల్వ్‌గ్రెన్ 1947లో వేసిన ఒక చిత్రం వేలంలో 2,86,800 డాలర్లు పలికింది. ఒకప్పుడు దాని అచ్చును టైర్ల కొట్టులో ఊరికే ఇచ్చేవారు.

అమెరికాలో ఉన్న మన పిల్లల దగ్గరికి వెళ్ళే శ్రోతలకు ఒక మాట. కాన్సస్ రాష్ట్రం లారెన్స్ ఊళ్ళో, కాన్సస్ విశ్వవిద్యాలయం వారి స్పెన్సర్ మ్యూజియంలో ‘ఎస్క్వైర్’ పత్రిక ఇచ్చిన వర్గాస్ అసలు చిత్రాలున్నాయి. కాగితం మీది బొమ్మలు కాబట్టి అన్నీ ఎప్పుడూ గోడ మీద ఉండవు. ముందుగా ఉత్తరం రాసి అడిగి వెళ్ళండి. నేను వర్గాస్‌ను కాస్త తక్కువ చేసి మాట్లాడాను. మీరు చూసి, నాతో విభేదిస్తే సంతోషిస్తాను. చూసేటప్పుడు మాత్రం ముఖం దగ్గర ఆగిపోకండి, చేతులు చూడండి. బొమ్మలు వేసేవాళ్ళను ఎవరినడిగినా చెబుతారు, చేతులే కష్టం.